భస్మం అని రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ ఆగి ఆగి చదివాను. అగ్నిప్రమాదం దగ్గర ‘ఇల్లు భస్మీపటలమైంది’ అన్నావు. మరుసటి పేరాలోనే నాయిక తలుపు తోసుకుని లోపలికెళ్లి, సగం కాలిన పెళ్లి ఫొటో చేతిలోకి తీసుకుంది. తలుపు మిగిలిన ఇల్లు భస్మం ఎలా అయిందమ్మా?

భస్మం సంస్కృతం నుంచి వచ్చింది. ధాతువు ‘భస్’, నమిలి మింగడమని అర్థం. నిప్పు నమలగా మిగిలిన పిండే భస్మం. తిన్నది తిన్నట్టు బూడిద చేసేసే జఠరాగ్నిని ఆయుర్వేదం భస్మకం అంటుంది.

దానికి ‘సాత్’ చేరితే భస్మసాత్. ఈ ప్రత్యయాన్ని సంస్కృత వ్యాకరణకర్త పాణిని తన అష్టాధ్యాయిలో (సూత్రం 5.4.52) ‘కార్త్స్న్యం’ అనే అర్థంలో చెప్పాడు. అంటే వస్తువు మొత్తంగా, ఏ మూలా మిగలకుండా మారిపోవాలి. భగవద్గీత 4వ అధ్యాయం 37వ శ్లోకం తీసి చూడు. మండే నిప్పు కట్టెల్ని భస్మసాత్ చేసినట్టు జ్ఞానాగ్ని సర్వకర్మలనూ భస్మసాత్ చేస్తుందంటాడు కృష్ణుడు. ఒక్క కర్మ మిగిలినా ఆ మాట నిలబడదు. అక్కడ ఆ పదానికి అంత బరువు అందుకే వచ్చింది.

ఇక ‘భస్మీ’లోని దీర్ఘం. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. అంతకుముందు కానిది ఇప్పుడు అయిందని చెప్పే చ్వి ప్రత్యయం వల్ల వచ్చిందది. భస్మీకరణం అంటే భస్మం కానిదాన్ని భస్మం చేయడం. కాలకముందున్న వస్తువు ఆ దీర్ఘంలోనే ఉంది. నీ కథలో మాత్రం కాలాకే ఆ ఇల్లు మాకు కనిపించింది! అందులో ఎవరు ఏ కిటికీ దగ్గర కూర్చునేవారో, ఏ మెట్టు అరిగిపోయిందో తెలియకుండా అది తగలబడితే మాకు బాధేమిటి?

పూర్తిగా కాలనిదానికి మన తెలుగులో మాటలకు కొదవా? సెగకు చర్మం కమిలిపోతుంది, చీర అంచు మాడుతుంది, గోడ మసిబారుతుంది, దూలం బొగ్గవుతుంది. నిప్పు ఆరినట్టే ఉండి పైన నివురు కప్పుకుంటుంది. గడ్డివామి పూర్తిగా కాలినా బుగ్గి అయిందంటే చాలు, దానికీ భస్మం అక్కర్లేదు. మంట ఎంత దూరం వెళ్లి ఆగిందో చూసి మాట ఎంచుకో. పత్రికల్లో రోజూ కనిపిస్తోంది కదా అని భస్మీపటలాన్ని చేయి చాచి అందుకోకు.

ముందు ఆ ఇంటి మీద రెండు పేజీలు రాయి, నిప్పు జోలికి పోకుండా. ఆ రెండు పేజీలే నాకు పంపు. అగ్నిప్రమాదం సంగతి తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం.