పాఠకుల ప్రశ్నలు: మే నెలలో కనిపించని మొక్కలు

ప్రశ్న: మాది మాధవరం దాటాక వచ్చే ఒక శివారు ఊరు. మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలం. ఊరి చివరనున్న చెత్త యార్డును పక్కనే ఉన్న పల్లపు పొరంబోకులోకి విస్తరించాలని ప్రతిపాదన వచ్చింది. అందుకు తయారైన నివేదికలో మొక్కల గురించి ‘రక్షిత జాతులేవీ లేవు’ అన్న ఒక్క వాక్యమే ఉంది. పరిశీలకులు మే నెలలో రెండు రోజులు తిరిగి వెళ్లడం మేం చూశాం. వానలు పడ్డాక అదే నేల మోకాటి లోతు నీటితో, కలువలతో నిండిపోతుంది. ఆ వాక్యాన్ని నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ఆ వాక్యం అక్షరాలా నిజమే కావచ్చు. అయినా అది మీ సందేహానికి సమాధానం కాదు.

‘రక్షిత’ అన్న మాటకు చట్టంలో ఉన్న అర్థం మనం అనుకునే దానికంటే చాలా ఇరుకైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోకి మొక్కలు 1991 సవరణతోనే వచ్చాయి. అప్పుడు పట్టికకెక్కినవి ఆరే. వాటిలో మన తిరుమల కొండల మీద పెరిగే పెరిత (ఈతచెట్టులా కనిపించే సైకస్ జాతి మొక్క) ఒకటి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం హిమాలయాలకూ ఈశాన్య రాష్ట్రాలకూ చెందినవి. 2022 సవరణ ఆ పట్టికను పెంచింది గానీ, పీకడం, నరకడంపై నిషేధం అటవీ భూమికీ, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతాలకూ వర్తించేదే. కాబట్టి మీ ఊరి పొరంబోకులో ఆ పట్టికలోని మొక్క లేదని రాయడానికి మే నెల ఎండలో తిరగనక్కరలేదు, కుర్చీలోంచి లేవకుండానే రాయవచ్చు.

అడగవలసిన ప్రశ్న మొక్క పేరు గురించి కాదు, ఆ నేల ఎలాంటిదన్న దాని గురించి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు (2026లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి) చెత్త పూడ్చే స్థలం నదికి 100 మీటర్లు, చెరువుకూ నివాసాలకూ తాగునీటి బావులకూ 200 మీటర్ల దూరంలో ఉండాలన్నాయి; చిత్తడి నేలల్లో, వరద మైదానాల్లో, జీవావాసపరంగా కీలకమైన చోట్ల అసలు ఉండకూడదన్నాయి. 2017 నాటి చిత్తడి నేలల నియమాలు అలాంటి చోట చెత్త పోయడాన్ని నిషేధించాయి. అయితే సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు తవ్వుకున్న చెరువులు ఆ నిర్వచనంలోకి రావు. అందువల్ల మీ పల్లపు భూమి రెవెన్యూ పుస్తకంలో ‘ఏరి’ (సాగునీటి చెరువు)గా ఉందా, ‘కళువెలి’ (పల్లపు చిత్తడి)గా ఉందా, మరేదైనా పొరంబోకుగా ఉందా అన్నది ముందు చూసుకోండి. ఎంత గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడి వాదనైనా ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయే అవకాశం ఉంది.

ఈ తేడాను పట్టించుకోకపోతే ఏమవుతుందో దక్షిణ చెన్నైలోని పెరుంగుడి చెత్త యార్డులో కనిపిస్తుంది. పళ్ళికరణై చిత్తడిలో 1980ల నుంచి పోసిన చెత్త 200 ఎకరాలకు పైగా కప్పేసింది. అదే చిత్తడిలో 1,247 హెక్టార్లకు 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేల అన్న గుర్తింపు, వచ్చింది. ముందు చెత్త పోసి, తర్వాత గుర్తింపు తెచ్చుకుని, చివరికి ఆ గుట్టలను తవ్వి జల్లెడ పట్టించాల్సి వచ్చింది.

ఇక మే నెల సంగతి. నాకు అన్నిటికంటే అభ్యంతరకరంగా తోచినది ఇదే. చెన్నైలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే కురుస్తుంది. తుంగ, జమ్ము, కలువ, నీటి అంచున మొలిచే చిన్న గడ్డిజాతులు పూతకు వచ్చేదీ, చలికాలపు వలస పక్షులు ఎక్కువగా దిగేదీ ఆ వానలు మొదలయ్యాకే. పూత లేకుండా తుంగ జాతుల్లో ఒకదాన్నుంచి మరొకదాన్ని విడదీసి చెప్పడం అనుభవజ్ఞులకైనా కష్టం. పళ్ళికరణైకి దగ్గరలోని నన్మంగళం అడవిలో నేల మీద పెరిగే ఆర్కిడ్లున్నాయి. అలాంటివి ఎండాకాలమంతా దుంపల రూపంలో మట్టిలో నిద్రపోయి, వాన పడ్డాకే తలెత్తుతాయి. మే నెలలో వెళ్లినవారు వాటి మీదుగా నడిచిపోయినా వారికి తెలియదు. పర్యావరణ ప్రభావ అంచనాలో ఆధార సమాచారాన్ని వానాకాలం మినహా ఒకే రుతువులో సేకరించే పద్ధతి గాలి, ధూళి కొలవడానికి సరిపోతుందేమో గానీ, నీటితో పుట్టి నీటితో పోయే మొక్కలకు సరిపోదు. కనీసం వానల తర్వాత ఒకసారి, నీరు ఇంకుతున్న ఫిబ్రవరి ప్రాంతంలో ఇంకొకసారి చూడాలి.

ఎలా చూశారన్నదీ అడగండి. గడ్డికీ చిన్న మొక్కలకూ ఒక మీటరు చతురస్రం, పొదలకు ఐదు మీటర్లు, చెట్లకు పది మీటర్ల చతురస్రం గీసి లెక్కించడం వాడుకలో ఉన్న పద్ధతి. అలాంటి చతురస్రాలు ఎన్ని, ఎక్కడెక్కడ, ఏ తేదీన వేశారో పటం మీద ఉండాలి. పేర్ల జాబితా ఒక్కటే ఉంటే అది పాత నివేదికలోంచి ఎత్తి రాసినదో కాదో తేల్చుకునే దారి లేదు. ఆ జాబితాలో పల్లపు నేలలో ఎన్నడూ మొలవని కొండ చెట్టు పేరు కనిపిస్తే మాత్రం ఇట్టే తేలిపోతుంది. విస్తరణ హద్దు లోపలే చూసి ఊరుకోవడమూ చాలదు. చెత్తలోంచి ఊరే మురుగు ఎటు పారుతుంది, లారీల కోసం వేసే కట్ట వాన నీటిని ఎటు మళ్లిస్తుంది అన్నవి హద్దు అవతలి మొక్కల సంగతే తేలుస్తాయి.

బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదిక కలెక్టరు కార్యాలయంలోనూ స్థానిక సంస్థలోనూ చూడటానికి దొరకాలి. వానాకాలంలో మీరు తేదీతో సహా తీసిన ఫొటోలు ఉంటే వాటిని జతచేసి, తమిళంలో రాసి ఇవ్వండి. సభను వీడియో తీస్తారు గనుక, రాసిచ్చిన విషయాన్ని లేచి నిలబడి చదవడం కూడా అవసరం.

ప్రశ్న: అలాంటి చోట ఉండేది గుర్రపు డెక్క, సర్కారు తుమ్మే కదా? వాటిని తీసేస్తే మేలే తప్ప నష్టమేమిటి? తక్కిన మొక్కలుంటే పెకలించి వేరే చోట నాటవచ్చు కదా?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: ఆ రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే, తీయవద్దని ఎవరూ అనరు. కానీ అవి కమ్ముకున్న నేల పనికిరానిదని అర్థం కాదు; తుమ్మ నరికిన చోట తుంగ తిరిగి రావచ్చు, చెత్త పోసిన చోట రాదు. తీసేటప్పుడు కూడా కాలం చూడాలి, ఎందుకంటే పొడుగు కాలివేళ్లతో ఆకుల మీద నడిచే నీటి పక్షులు ఆ తేలే ఆకుల మీదే గుడ్లు పెడతాయి. పెకలించి నాటడం రావికీ మర్రికీ కొంతవరకు కుదురుతుంది. నేల ఆర్కిడ్‌కు కుదరదు. దాని గింజ మొలకెత్తడానికి ఆ మట్టిలోనే ఉండే ఒక శిలీంధ్రం కావాలి, దాన్ని వదిలేసి దుంపను మాత్రమే కుండీలో పెడితే అది రెండో వానాకాలం చూడటం అరుదు.