గోదావరి లంకలో ఉన్న అమ్మానాన్నల కోసం వరద, తుఫాను సమాచారం ఎక్కడ చూడాలి?

మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారని, అమ్మానాన్నలు కోనసీమలో గోదావరి పాయ వైనతేయ పక్కన లంకలో (ఏటి మధ్య ఊళ్లో) ఉంటున్నారని, గోదావరి పెరిగిందంటే చాలు ఫోన్‌కు పది రకాల వార్తలు వచ్చి టెన్షన్ పెరగడం తప్ప ఏం చేయాలో తెలియడం లేదని రాశారు. ఏ సైట్లు, ఏ యాప్‌లు నమ్మాలి, నష్టం జరిగాక ఏం చేయాలి అని అడిగారు. మాదీ పి.గన్నవరం వైపు లంకేనండి. మా అనుభవంలో పనికొచ్చినవి చెబుతాను.

యాప్‌ల కంటే ముందు ఒక పని ఉంది. టీవీలో చెప్పే అంకె మీ ఇంటికి ఎంత నీళ్లో తెలుసుకోవాలి. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. దిగువన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 11.75 అడుగులు, అంటే 10 లక్షల క్యూసెక్కుల (సెకనుకు ఘనపుటడుగుల) ప్రవాహానికి మొదటిది. 13.75 అడుగులు, 13 లక్షలకు రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలకు మూడోది. ఇవి అందరికీ నోటికి వచ్చు. కానీ మూడో హెచ్చరిక అంటే మన వాకిట్లోకి నీళ్లు వస్తాయా, రోడ్డు దగ్గరే ఆగుతాయా అనేది ఏ సైటూ చెప్పదు. ఒకే ఊళ్లో గట్టు లోపలి ఇంటికీ, ఏటి వైపు ఇంటికీ లెక్క వేరు.

మా ఇంట్లో వసారా స్తంభం మీద 1986 ఆగస్టు వరద గీత ఉంది. ఆ ఏడు భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చింది. నాన్నగారు మేకుతో గీసి ఉంచారు. చిన్నప్పుడు ఆ గీత దగ్గర నిలబడి మా ఎత్తు కొలుచుకునేవాళ్లం. 2022 జూలైలో మళ్లీ పెద్ద వరద వచ్చినప్పుడు నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఎడమ వైపు ధవళేశ్వరం నుంచి వదులుతున్న నీళ్లు, కుడి వైపు మా దగ్గర నీళ్లు ఎక్కడున్నాయో, గంట గంటకూ రాశాను. ఇప్పుడు ఆ పేజీయే మాకు అన్నిటికంటే పెద్ద ఆధారం. మొదటి హెచ్చరిక రాకముందే లంక నుంచి గట్టుకు వెళ్లే దారి, కాజ్‌వే మునుగుతుంది. 13 లక్షలకు కొబ్బరి తోటలో నీళ్లు. 17కి ఇంటి ముందు రోడ్డు. 20 దాటితే వాకిలి. ఆ ఏడు 25 లక్షలు దాటింది, హాల్లో నడుం లోతు నీళ్లు నిలిచాయి. భద్రాచలంలో అప్పుడు 71.3 అడుగులు.

మీ నాన్నగారిని అడగండి. ఆయనకు ఇవన్నీ గుర్తుంటాయి, రాసి ఉండవు. 2022లో నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయి, గేదెలను ఏ రోజు గట్టెక్కించారు, కాజ్‌వే మీద పడవ ఎప్పుడు మొదలైంది. ఫోన్‌లో ఒక గంట మాట్లాడితే మీకూ అలాంటి పేజీ తయారవుతుంది.

ఆ తర్వాతే యాప్‌ల వల్ల ఉపయోగం. వరదకు నేను చూసేది కేంద్ర జల సంఘం వాళ్ల 'ఫ్లడ్‌వాచ్ ఇండియా'. పేరూరు, ఏటూరునాగారం, భద్రాచలం, కూనవరం ఇలా ఒక్కో చోట నీటి మట్టం, అది పెరుగుతోందా తగ్గుతోందా, రాబోయే గంటల అంచనా కనిపిస్తాయి. ఒక జాగ్రత్త ఉంది. అందులో మట్టం సముద్ర మట్టం నుంచి మీటర్లలో ఉంటుంది. వార్తల్లో చెప్పేది అక్కడి స్కేలు మీది అడుగులు. మీటర్లను అడుగుల్లోకి మార్చి భద్రాచలం 53తో పోల్చి కంగారుపడినవాళ్లను చూశాను. ఆ రెండు లెక్కలూ కలపకండి. యాప్‌లో ప్రతి స్టేషన్‌కూ హెచ్చరిక మట్టం, ప్రమాద మట్టం విడిగా రాసి ఉంటాయి, వాటితోనే పోల్చండి.

భద్రాచలం నీళ్లు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అక్కడి నుంచి మన లంకలకు ఇంకొన్ని గంటలు. మనకు దొరికే సమయం అదే. అయితే శబరి నది గోదావరిలో కలిసేది కూనవరం దగ్గర, అంటే భద్రాచలం దిగువన. అందుకని భద్రాచలంలో తగ్గుముఖం పట్టిందని వినగానే ఊపిరి పీల్చుకోకండి. చింతూరు వైపు శబరి ఎలా ఉందో, కూనవరంలో మట్టం ఎలా ఉందో కూడా చూడండి. ఇంకొకటి మన పెద్దవాళ్లు ఎప్పుడూ చెప్పేదే. అమావాస్యకో పౌర్ణమికో వరద వస్తే సముద్రం పోటు మీద ఉండి నీళ్లను త్వరగా తీసుకోదు. అంతర్వేది వైపు, సఖినేటిపల్లి వైపు నీళ్లు అలాగే నిలబడిపోతాయి. పోటుపాట్ల వేళలు, సముద్రంలో అలల హెచ్చరికలు హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ సైట్‌లో దొరుకుతాయి. మీ ఇంట్లో వేటకు వెళ్లేవాళ్లుంటే అది తప్పక చూడాలి.

ఊరు వదలాల్సిన సమయం గురించి గట్టిగా చెబుతాను. వాకిట్లోకి నీళ్లు వచ్చాక బయలుదేరడం ఆలస్యం చేయడమే. ముసలివాళ్లు, చిన్నపిల్లలు, గర్భిణులు కాజ్‌వే మీదుగా నడిచి వెళ్లగలిగినప్పుడే వెళ్లిపోవాలి. అది మునిగాక పడవ మీద ఆధారపడాలి. రాత్రిపూట ఆ ప్రవాహంలో పడవ వేయడం ప్రాణాలతో చెలగాటం. 2022లో మా అమ్మ 'ఇంకో పూట చూద్దాం' అంటూ రెండు రోజులు ఆగింది, చివరికి గేదెల కోసం నాన్నగారు ఆగిపోయారు. పశువులను ముందే గట్టు మీదికి తోలి, నాలుగు రోజుల గడ్డి అక్కడ వేసి ఉంటే ఆయన కూడా మొదటి రోజే వచ్చేసేవారు. మీ నాన్నగారి విషయంలోనూ అడ్డం పడేది గేదెలేనేమో ముందే కనుక్కోండి.

తుఫాను దారి వేరు. వరదలా మెట్టు మెట్టుగా రాదు, దానికి చూడాల్సింది వాతావరణ శాఖ బులెటిన్లే. వాళ్ల సైట్‌లోనూ 'మౌసమ్' యాప్‌లోనూ దొరుకుతాయి. తీరానికి కనీసం 48 గంటల ముందు అప్రమత్తం చేస్తారు, 24 గంటల ముందు అసలు హెచ్చరిక ఇస్తారు. తుఫానుగా మారాక మూడు గంటలకొక బులెటిన్ వస్తుంది. మ్యాపులో మధ్య గీత కాకినాడ మీదుగా వెళ్తోంది కాబట్టి మాకు పర్వాలేదు అనుకోకండి. ఆ గీత చుట్టూ గరాటులా విస్తరించే ప్రాంతమంతా దారి కావచ్చు. 'విండీ' లాంటి సైట్లు నేనూ చూస్తాను, గాలి ఎటు తిరుగుతోందో అర్థం చేసుకోవడానికి బాగుంటాయి. కానీ పది రోజుల తర్వాత వచ్చే తుఫానంటూ యూట్యూబ్‌లో చూపించే ఎర్ర రంగు బొమ్మలను చూసి అమ్మకు ఫోన్ చేయకండి. అంత ముందుగా చెప్పేవి పూటపూటకూ మారిపోతాయి.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పెద్ద తుఫాను విరుచుకుపడినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. గాలికి కొబ్బరి చెట్లు విరుగుతున్న చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నడి మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. పక్కింటివాళ్లు బయటికి వస్తున్న అలికిడి వినిపించింది. నాన్నగారు మాత్రం తలుపు తీయనివ్వలేదు, "కన్ను మన మీద ఉంది, మళ్లీ అటు నుంచి కొడుతుంది" అన్నారు. కాసేపటికి అలాగే కొట్టింది. ఈసారి గాలి ఎదురు దిక్కు నుంచి వచ్చి, మొదట నిలబడ్డ చెట్లను కూడా పడేసింది. తుఫాను కన్ను, అంటే మధ్యలో గాలి ఆగినట్టుండే చోటు గురించి మీ ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచండి. బులెటిన్‌లో 'పూర్తిగా తీరం దాటింది' అని వచ్చేదాకా బయటికి రాకూడదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా ఊళ్లో సాయంత్రానికే కరెంటు తీసేశారు. తీగలు తెగిపడితే ప్రాణాలు పోతాయి కాబట్టి అది మంచిదే. తర్వాత సెల్ టవర్ కూడా ఆగిపోయింది. అప్పుడు ఎన్ని యాప్‌లున్నా ఒకటే. నేను హెచ్చరిక వచ్చిన రోజే చివరి బులెటిన్, ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి గోడకు అంటిస్తాను. బ్యాటరీ రేడియోలో ఆకాశవాణి పెట్టుకుంటాం. బెంగళూరులో ఉన్న మా తమ్ముడికి ఒక మాట చెప్పి ఉంచాను. నెట్‌వర్క్ లేకపోతే పదేపదే ఫోన్ చేయొద్దు, ఉదయం ఏడింటికి, సాయంత్రం ఏడింటికి నేనే ఫోన్ ఆన్ చేసి మెసేజ్ పెడతాను అని. మీరూ అమ్మానాన్నలతో ఇలాంటి వేళ ఒకటి అనుకోండి. వాళ్ల ఫోన్‌లో ఛార్జింగ్ మిగులుతుంది, మీకు నిద్ర పడుతుంది.

ఫోన్‌లో ఉంచాల్సినవి ఇంకో రెండు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల 'సచేత్', మీరున్న చోటును బట్టి తెలుగులో కూడా హెచ్చరిక ఇస్తుంది. పిడుగులకు 'దామిని', చుట్టుపక్కల 20 నుంచి 40 కిలోమీటర్లలో పిడుగులు పడుతున్నాయేమో చూపిస్తుంది. చేలో పనిచేసేవాళ్లకు, కొబ్బరి దింపేవాళ్లకు ఇది నిజంగా ప్రాణం కాపాడే యాప్. మా కూలీలందరి ఫోన్లలో నేనే వేయించాను.

వాట్సాప్ గురించి చెప్పకపోతే ఈ సమాధానం పూర్తి కాదు. 2022లోనే ఒక అర్ధరాత్రి 'గట్టు తెగింది, పారిపోండి' అని ఒక వాయిస్ మెసేజ్ అన్ని గ్రూపుల్లో తిరిగింది. గట్టు తెగలేదు. చీకట్లో గట్టెక్కబోయి మా పెద్దమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆవిడ మళ్లీ మామూలుగా నడవలేదు. ఆ మెసేజ్ పంపినవాళ్లలో మా బంధువులు కూడా ఉన్నారు, మంచి మనసుతోనే పంపారు. అలాంటిది వస్తే పంపినవాళ్లను "ఏ ఊరు, ఏ రేవు దగ్గర, మీరు కళ్లారా చూశారా?" అని అడగండి. జవాబు రాకపోతే అక్కడితో ఆపేయండి. 112కో, రాష్ట్ర విపత్తుల సంస్థ నంబరు 1070కో, లేదా 1800 425 0101కో ఫోన్ చేస్తే నిజం తెలుస్తుంది. జిల్లా కంట్రోల్ రూమ్‌కు 1077.

ఇక నీళ్లు తీసిన తర్వాత సంగతి. ఇల్లు కడగడానికి ముందు ఫోటోలు తీయాలి. గోడ మీద బురద గీత, తడిసిన ధాన్యం, పడిన చెట్లు, అన్నీ తేదీ, లొకేషన్ కనిపించేలా. మేము 2022లో శుభ్రం చేసేసి తర్వాత గుర్తొచ్చి బాధపడ్డాం. పైగా అధికారులు నష్టం రాసుకోవడానికి వచ్చిన రోజు మా ఇంటికి తాళం ఉంది, మా పేరు జాబితాలో లేదు. జాబితా గ్రామ సచివాలయంలో పెట్టిన రోజే వెళ్లి చూసుకుని, రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, ఒక కాపీ మీద సంతకం చేయించుకోవాలని అప్పుడు తెలిసింది. మీరు దూరంలో ఉన్నారు కాబట్టి పక్కింటి వాళ్లెవరికైనా ఆ పని ముందే అప్పగించండి.

పంట విషయంలో ఈ-పంట నమోదే, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం ఆన్‌లైన్‌లో రాసుకునేదే మూలం. సార్వా (ఖరీఫ్) అయినా దాళ్వా (రబీ) అయినా నాట్లు పడగానే రైతు సేవా కేంద్రంలో నమోదు అయిందో లేదో చూసుకోవాలి, నష్టం వచ్చాక ఆ వివరాలతోనే సరిపోలుస్తారు. పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీకి 33 శాతం, అంతకంటే ఎక్కువ పంట పోయి ఉండాలి. కేంద్ర ఫసల్ బీమాలో ప్రీమియం కట్టి ఉంటే మునిగిన పంటకు, కోసి పనల మీద ఉండగా తడిసిన వరికి 72 గంటల్లోపు చెప్పాలి, నంబరు 14447. కౌలు రైతులైతే కౌలు కార్డు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. కోనసీమలో వ్యవసాయం చేసేవాళ్లలో చాలామంది కౌలుదార్లే, నష్టపోయిన చెమట ఒకరిది, పేరు ఇంకొకరిది కావడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఆధార్, పాస్‌పుస్తకం, బ్యాంకు కాగితాలు డిజిలాకర్‌లోనో మీ ఫోన్‌లోనో ఉంచండి. నీళ్లు నిలిచిన ఇంట్లో మెయిన్ స్విచ్ వేయకముందు వైరింగ్ ఆరిందని ఎవరైనా ఎలక్ట్రీషియన్ చూడాలి, బయట తీగ పడి ఉంటే 1912. బావిలో బ్లీచింగ్ వేసేదాకా ఆ నీళ్లు తాగొద్దు. మడతమంచం, బియ్యం డబ్బా, చెప్పులు, ఏది తీసినా ముందు కర్రతో కదిపి చూడమనండి. వరద తర్వాత ఇళ్లలోకి పాములు చేరడం మన దగ్గర మామూలే. కాటు పడితే నాటు వైద్యం దగ్గరికి వెళ్లకుండా వెంటనే 108.

మీ లంక పేరు, ఇల్లు గట్టుకు లోపలి వైపా ఏటి వైపా రాయండి. మా నోట్‌బుక్‌లో మా చుట్టుపక్కల నాలుగు రేవుల లెక్కలు కూడా ఉన్నాయి. మీ వైపుది ఉంటే ఆ పేజీ ఫోటో తీసి పెడతాను, నాన్నగారి లెక్కతో సరిచూసుకోవచ్చు.