లూపస్ ఉన్న చెల్లికి ఈ మతిమరుపేంటి?

ప్రశ్న: మేడమ్, మా చెల్లికి 26 ఏళ్లు, లూపస్ అని తేలి రెండేళ్లయింది. మొన్నటిదాకా కీళ్ల నొప్పులు, మొహం మీద ఎర్ర మచ్చలు, అంతే. నెల నుంచి పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతోంది, మాట్లాడుతూ మాట దొరక్క ఆగిపోతోంది, నిన్న రాత్రి ఎవరో పిలుస్తున్నారని లేచి తలుపు తీసింది. వాళ్లత్తగారు గాలి సోకింది తాయత్తు కట్టిద్దాం అంటున్నారు, మరిదేమో స్టెరాయిడ్ వల్లే, ఆపేద్దాం అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక అక్క, కరీంనగర్

జవాబు: అమ్మా, స్టెరాయిడ్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, నెలల తరబడి వాడినది ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. లేని గొంతులు వినపడుతున్నాయంటే వచ్చే చెకప్ దాకా ఆగకూడదు, ఇవాళే పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.

ఇది గాలీ కాదు ధూళీ కాదు. లూపస్‌లో మనల్ని కాపాడాల్సిన యాంటీబాడీలు మన మీదికే తిరగబడతాయి కదా, అవి మెదడుని వదిలేస్తాయని ఏం లేదు. కొందరిలో యాంటీఫాస్ఫోలిపిడ్ అనే రకం రక్తాన్ని గడ్డకట్టించి నాళాలు మూసేస్తుంది, చిన్న వయసులోనే పక్షవాతం వచ్చేది అందుకే. ఇంకొందరిలో రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే అడ్డుగోడ వాపు వల్ల వదులై యాంటీబాడీలు లోపలికి దూరిపోతాయి, అప్పుడు మతిమరుపు, ఫిట్స్, భ్రమలు. 1999లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ అనే కీళ్ల జబ్బుల డాక్టర్ల సంఘం, లూపస్ వల్ల మెదడుకీ నరాలకీ వచ్చే ఇలాంటివి 19 రకాలని లెక్క తేల్చింది.

మీ మరిది అనుమానమూ కొట్టిపారేసేది కాదు. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ రోజుకి 40 మిల్లీగ్రాములు దాటితే కొందరికి ఇలాగే అవుతుంది, ఎక్కువగా డోసు పెంచిన మొదటి ఒకటి రెండు వారాల్లో. మూడోది ఇన్ఫెక్షన్, ఈ మందులు ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి కాబట్టి మన దగ్గర టీబీ మెదడు పొరలకి పాకిందేమో కూడా చూడాలి. చిక్కంతా ఇక్కడే ఉంది, జబ్బు వల్ల అయితే స్టెరాయిడ్ పెంచాలి, స్టెరాయిడ్ వల్ల అయితే మెల్లగా తగ్గించాలి, ఇన్ఫెక్షన్ అయితే మందే వేరు. అందుకని డోసు ఎప్పుడు మార్చారు, మతిమరుపు ఎప్పుడు మొదలైంది, జ్వరం ఏమైనా వచ్చిందా, తేదీలతో సహా కాగితం మీద రాసి పట్టుకెళ్లండి, ఆ కాగితం డాక్టర్‌కి చాలా పనికొస్తుంది. వెన్నులో నీరు తీసి టెస్ట్ చేద్దామంటే భయపడి వద్దనకండి. ఎంఆర్ఐ నార్మల్ వచ్చినా మెదడుకి ఏం కాలేదని కాదు, లూపస్‌లో అలా చాలామందికి వస్తుంది.

దార్లో ఫిట్స్ వచ్చినా, మూతి వంకరపోయినా, చెయ్యో కాలో పడిపోయినా దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకే పోనివ్వండి. పాలు పొంగించిందని ఆ పిల్లని ఎవరూ తిట్టకుండా చూడండి, తనకేదో అవుతోందని తనకి తెలుస్తూనే ఉంటుంది. అత్తగారు తాయత్తు కడతానంటే కట్టనివ్వండి, దానికోసం హాస్పిటల్ ప్రయాణం మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి.