లైకెన్ స్క్లెరోసస్: దురద తగ్గాక స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఆపేయవచ్చా?

సొంతంగా ఆపేయకూడదు, దురద పోయాక కూడా చాలామంది వారానికి ఒకటి రెండుసార్లు రాసుకుంటూనే ఉండాలి.

ఇది జననాంగాల దగ్గర చర్మం తెల్లబడి, పలచబడి, ముడతలు పడే దీర్ఘకాలిక జబ్బు. మెనోపాజ్ దాటిన ఆడవాళ్లలో ఎక్కువ, చిన్నపిల్లలకూ మగవాళ్లకూ కూడా వస్తుంది. పైకి దురద లేకపోయినా లోపల వాపు కొనసాగుతూ ఉండొచ్చు. వదిలేస్తే చర్మం అతుక్కుపోయి మచ్చ కడుతుంది, కలయిక బాధాకరమవుతుంది, కొద్దిమందిలో క్యాన్సర్‌కు కూడా దారితీస్తుంది. ఆయింట్‌మెంట్ ఆపేది ఈ వాపునే.

ఉదాహరణకు, పెద్దవాళ్లకు క్లోబెటాసోల్ 0.05% ఆయింట్‌మెంట్‌ను సాధారణంగా మొదటి నెల రోజూ రాత్రి, రెండో నెల రోజు విడిచి రోజు, మూడో నెల వారానికి రెండుసార్లు రాయమంటారు. చూపుడు వేలి చివరి కణుపు పొడవున పిండితే ఒకసారికి సరిపోతుంది. అలా వాడితే 30 గ్రాముల ట్యూబు మూడు నెలలు వస్తుంది.

స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుందన్న భయంతో మధ్యలో మానేసేవాళ్లు చాలామంది. చెప్పిన మోతాదులో, చెప్పిన చోటే రాస్తే ఆ ప్రమాదం చాలా తక్కువ. ఇక్కడ చర్మాన్ని అసలు పాడుచేసేది జబ్బే. ఇంకో అపోహ, ఇది సుఖవ్యాధి అని. కానే కాదు, ఎవరికీ అంటుకోదు, శుభ్రత లేక వచ్చేదీ కాదు. ఫంగస్ అనుకుని మందుల షాపులో అడిగి మిక్స్ క్రీములు (స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపినవి) కొనకండి. మానని పుండో, గడ్డో కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టర్‌కు చూపించుకోవాలి.