తల తుంచితే పిలకలెందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కాండం, చిగుళ్ల గురించి అడిగినవి ఎక్కువున్నాయి. అందరికీ పనికొచ్చేవి నాలుగు తీశాను.

ప్రశ్న: పొగాకు తలలు తుంచిన వారానికల్లా ఆకు ఆకుకీ పిలకలొస్తున్నాయి. అంతకుముందు ఒక్కటీ లేదు. కూలి ఇచ్చి గిల్లిస్తే మళ్ళీ అదే చోట ఇంకోటి! ఎందుకిలా?
— ఓ రైతు, కందుకూరు

అవి కొత్తగా పుట్టినవి కావండీ, మొదట్నుంచీ అక్కడే ఉన్నాయి. తల తుంచని మొక్క దగ్గరికెళ్లి, ఒక ఆకును మెల్లగా కిందికి వంచి, అది కాండానికి అతుక్కున్న చంకలో చూడండి, చిన్న పచ్చ మొగ్గ కనిపిస్తుంది. పైనున్న కొస ఆక్సిన్ అనే హార్మోన్ తయారుచేసి కాండం గుండా కిందికి పంపుతూ ఉంటుంది, అది దిగుతున్నంతసేపూ పక్క మొగ్గలు తలెత్తవు, పెద్దాయన అరుగు మీద కూర్చున్నంతసేపూ ఇంట్లో ఎవరూ నోరెత్తనట్టు. 1933లో థీమన్, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిక్కుడు జాతి మొక్కల కొసలు కోసి, కోసిన చోట ఆక్సిన్ పెట్టి చూశారు. కొస లేకపోయినా పక్క మొగ్గలు లేవలేదు. ఆక్సిన్ ఒక్కటే కారణం కాదని తర్వాత తేలింది, కొస లాగేసుకునే చక్కెర అది పోయాక పక్క మొగ్గలకు అందుతుంది కాబట్టి కూడా అవి లేస్తాయి.

ఇక గిల్లిన చోటే మళ్ళీ రావడానికి కారణం, పొగాకులో ఒక్కో చంకలో అసలు మొగ్గతోపాటు దాని కిందే ఒకటో రెండో దాగి ఉండటం. మొదటిది పోతే రెండోది రెడీ. అందుకే పిలక చిన్నగా ఉన్నప్పుడే మొదలంటా గిల్లించాలి. పెరగనిస్తే ఆకుకు పట్టాల్సిన బలమంతా అదే తినేస్తుంది, ఇక మీరు తల తుంచినదంతా దండగే. పిలకల మందు వాడేవాళ్ళు పైపైన చల్లేసి వచ్చేస్తుంటారు, అది కాండం వెంట జారి ప్రతి చంకలోకీ దిగితేనే పనిచేస్తుంది. ఒరిగిన మొక్కకు ఒకవైపే జారుతుంది, ముందు దాన్ని నిలబెట్టండి.

ప్రశ్న: బర్రెను కట్టే వేపచెట్టుకు ఎప్పుడో చుట్టిన నైలాన్ తాడు బెరడులోకి దిగిపోయింది. తాడు పైన ఉబ్బింది, కింద సన్నగా ఉంది. ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ప్రమాదమా?
— ఓ పాఠకురాలు, పొదిలి

ప్రమాదమే. ఈ ఉత్తరం చదవగానే తాడు కోసేయండి. లోపల కూరుకుపోయిన ముక్క ఊడి రాకపోతే వదిలేయండి, బెరడు మాత్రం చీల్చొద్దు. నీళ్లు పైకెక్కేది లోపలి చెక్కలోంచి, ఆకులు వండిన ఆహారం కిందికి దిగేది బెరడు లోపలి పొరలోంచి. తాడు బిగిసింది ఈ రెండో దారికే. ఆహారం తాడు దగ్గర ఆగిపోయి పైన ఉబ్బుతుంది, కింద వేర్లు పస్తులుంటాయి. నీళ్లు అందుతున్నాయి కాబట్టి ఆకులు పచ్చగా ఉండి మనల్ని మోసం చేస్తాయి. మా పెరట్లో బట్టల తీగ కట్టిన మునగచెట్టు ఇలాగే పోయింది, పచ్చగానే ఉంది కదా అని నేనే పట్టించుకోలేదు.

ప్రశ్న: మరి కొబ్బరిచెట్టుకు కత్తితో మెట్లు కొట్టి ఎక్కినా చావదే? మొవ్వు పోతే మాత్రం నిలువునా ఎండిపోతుందేం?
— ఓ విద్యార్థి, కావలి

భలే ప్రశ్న. కోసిన తాటి దూలం చివర ఎప్పుడైనా చూశావా? వేపమొద్దులో లాగా వలయాలుండవు, నల్లటి ఈనెలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి, అంచున దట్టంగా, మధ్యలో పలచగా. నీళ్లూ ఆహారమూ పోయే గొట్టాలు ఆ ఈనెల వెంటే ఉంటాయి. కొబ్బరి కూడా అంతే. దారులు మానంతా చెదిరి ఉన్నాయి కాబట్టి నాలుగు గాట్లు పడ్డా మిగిలినవి పనిచేస్తాయి. అలాగని మెట్లు కొట్టమని కాదు. వేపకు బెరడు కింద ఏటేటా కొత్త కణాలు పుట్టించే పొర ఉంది, దెబ్బ తగిలితే అంచుల నుంచి మెల్లగా కప్పుకొస్తుంది. కొబ్బరికి ఆ పొరే లేదు, ఇవాళ కొట్టిన గాటు చెట్టు ఉన్నన్నాళ్లూ అలాగే ఉంటుంది, అందులో వాన నీళ్లు నిలిచి కుళ్లుతుంది.

మొవ్వు సంగతంటావా, పెరిగే మొగ్గ ఆ చెట్టు మొత్తానికీ అదొక్కటే. పొగాకులో తల పోతే పిలకలు లేచాయి కదా, కొబ్బరి మానుకు అలా లేచే పక్క మొగ్గలే లేవు. కొమ్ము పురుగు తొలుచుకుంటూ ఆ మొగ్గ దాకా వెళ్లిందంటే చెట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ప్రశ్న: రెండేళ్ల క్రితం పెట్టిన బంగినపల్లి అంటుకు, అతుకు కింద నుంచి ఓ కొమ్మ ఏపుగా లేచింది. ఉంచాలా?
— ఓ పాఠకుడు, ఉలవపాడు

ఉంచొద్దు. అది బంగినపల్లి కాదు, అంటు కట్టడానికి వాడిన టెంక మొక్క కొమ్మ. వేర్లకు దగ్గరగా ఉండి బలమంతా లాగేసుకుని పైనున్న అంటును ఎండగట్టేస్తుంది. కత్తెరతో సగంలో కత్తిరిస్తే మిగిలిన మోడులోంచి మళ్ళీ నాలుగు లేస్తాయి, మొదలుకంటా తీసేయండి.