పింగ్ వస్తోంది, ఫైల్ రావట్లేదు

ప్రశ్న: సార్, నమస్కారం. మాది ఒంగోలులో గ్రానైట్ ఎగుమతి ఆఫీసు, ఫ్యాక్టరీ చీమకుర్తిలో. రెండు చోట్లా ఒక్కో సర్వర్, మధ్యలో 10 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్ ఉంది. రోజూ రాత్రి 9కి బ్లాకుల కొలతలు, స్లాబుల ఫొటోలు, బిల్లులు ఫ్యాక్టరీ సర్వర్ నుంచి ఇక్కడికి కాపీ అవుతాయి. అంతా కలిపి 1 జీబీ ఉంటుంది. ఇదివరకు అరగంటలోపే అయిపోయేది. పోయిన నెల పిడుగు పడి ఫ్యాక్టరీలో రూటర్ కాలిపోతే కొత్తది పెట్టాం. అప్పట్నుంచి అర్ధరాత్రి దాటినా కాపీ పూర్తి కావట్లేదు, ఒక్కోసారి మధ్యలో తెగిపోతోంది. పింగ్ (లైన్ పనిచేస్తోందో లేదో చూసే చిన్న పరీక్ష సందేశం) మాత్రం 4 మిల్లీసెకన్లలో వస్తోంది, ఒక్కటీ పోదు. లైన్ ఇచ్చినవాళ్లు ‘మా వైపు క్లియర్’ అని కంప్లయింట్ మూసేస్తున్నారు. ఓనర్‌గారు సర్వరే మార్చేద్దామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందుగా సర్వర్ కొనొద్దని ఓనర్‌గారికి చెప్పండి. మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది కొత్త రూటర్. 10 ఎంబీపీఎస్ మీద 1 జీబీ రావడానికి పావుగంట చాలు. మీకు మూడు గంటలు దాటుతోందంటే, పోర్టు (కేబుల్ గుచ్చే చోటు) దగ్గర డ్యూప్లెక్స్ కుదరలేదని నా గట్టి అనుమానం. పంపడం, అందుకోవడం ఒకేసారి జరిగితే ఫుల్ డ్యూప్లెక్స్, ఒకసారికి ఒకటే అయితే హాఫ్ డ్యూప్లెక్స్. కేబుల్ రెండు చివరలా ఒకటే ఉండాలి.

లైన్ ఇచ్చినవాళ్లు మీ ఫ్యాక్టరీలో పెట్టిన ఫైబర్ బాక్స్ నుంచి రూటర్‌కు ఒక నెట్‌వర్క్ కేబుల్ వస్తుంది కదా, చూడాల్సింది అక్కడే. చాలాచోట్ల ఆ బాక్స్ పోర్టును 100 ఎంబీపీఎస్, ఫుల్ డ్యూప్లెక్స్ అని కదలకుండా పెడతారు. మీ పాత రూటర్‌ను కూడా ఎవరో అప్పట్లో అలాగే పెట్టి ఉంటారు. కొత్తది పెట్టెలోంచి తీసినప్పుడు ‘ఆటో’లో ఉంటుంది, అంటే అవతలి పోర్టుతో మాట్లాడుకుని తనే కుదుర్చుకుంటుంది. అవతలి పోర్టు ఆటోలో లేకపోతే, మీ రూటర్ స్పీడు 100 అని పసిగట్టగలదు గానీ డ్యూప్లెక్స్ సంగతి దానికి తెలియదు. అందుకని హాఫ్‌కు దిగిపోతుంది.

చీమకుర్తి రోడ్డు మీద గ్రానైట్ లారీలు తిరుగుతాయి కాబట్టి ఇలా చెబుతాను. ఒకే లారీ పట్టే వంతెన ఉందనుకోండి. ఇవతలి డ్రైవరు ఎదురుగా లారీ కనిపిస్తే ఆగిపోతాడు. అవతలి డ్రైవరు అది రెండు వరుసల వంతెన అనుకుని ఆగకుండా వచ్చేస్తాడు. రోడ్డు ఖాళీగా ఉన్నంతసేపూ ఏ గొడవా ఉండదు. మామూలు పింగ్ అలాంటి ఖాళీ రోడ్డు మీది బండి: 32 బైట్లు వెళ్తాయి, జవాబు వస్తుంది, సెకను ఆగి ఇంకొకటి వెళ్తుంది. ఫైల్ కాపీలో మాత్రం డేటా ఇటు, రసీదులు అటు ఒకేసారి నడుస్తాయి. ఢీకొనేది అప్పుడే.

కొన్నేళ్ల కిందట కావలిలో పనిచేస్తూ ఇదే జబ్బుతో పది రోజులు లైన్ వాళ్లతో ఫోన్లో పోట్లాడాను. వాళ్లు పాపం రెండుసార్లు వచ్చి ఫైబర్ జాయింట్ మళ్లీ వేశారు. తప్పు మేం కొత్తగా పెట్టిన స్విచ్ పోర్టులో దొరికింది. ఆ పది రోజులూ అకౌంట్స్ అమ్మాయి ఒకామె రాత్రి పదకొండు దాకా ఆఫీసులోనే కూర్చుంది. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఫ్యాక్టరీ రూటర్‌లో ఆ పోర్టు కౌంటర్లను (తప్పులను లెక్కపెట్టే అంకెలను) సున్నా చేయండి. పెద్ద ఫైల్ ఒకటి పది నిమిషాలు కాపీ చేసి మళ్లీ చూడండి. ‘హాఫ్ డ్యూప్లెక్స్’ అని కనిపించి, లేట్ కొలిజన్లు (ఆలస్యంగా జరిగే ఢీలు) పెరుగుతుంటే దొంగ దొరికినట్టే. అవతలి బాక్స్‌లో అదే సమయంలో సీఆర్‌సీ ఎర్రర్లు (చెడిపోయి వచ్చిన డేటా లెక్క) పెరుగుతాయి. కాబట్టి లైన్ వాళ్లకు ఫోన్ చేసి ‘స్లోగా ఉంది’ అనకండి. ‘మీ బాక్స్ పోర్టు ఆటోలో ఉందా, ఫిక్స్ చేశారా, సీఆర్‌సీ ఎన్ని ఉన్నాయి’ అని అడగండి. ఇలా అడిగితే కంప్లయింట్ మూసేయడం కష్టం. రెండు వైపులా ఆటో అయినా పెట్టాలి, రెండు వైపులా 100 ఫుల్ అయినా పెట్టాలి. ఒక వైపే మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఒంగోలు వైపు పోర్టునూ ఓసారి చూడండి.

కౌంటర్లు శుభ్రంగా ఉంటే ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్ (డేటా మూట) ఎంత పెద్దదిగా వెళ్లగలదో చూడాలి. ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దని చెప్పి 1472 బైట్ల పింగ్ పంపండి. దానికి 28 బైట్ల హెడర్లు కలిస్తే 1500 అవుతుంది. అది వెళ్లకపోతే కొత్త రూటర్‌లో టన్నెల్ (ప్యాకెట్‌కు అదనపు హెడర్ తగిలించి పంపే దారి) ఏదైనా వేశారేమో చూడండి. కానీ ఎంటీయూ తప్పితే పెద్ద ఫైల్ సాధారణంగా అసలు కదలదు. మీది నత్తనడకనైనా నడుస్తోంది కాబట్టి నా అనుమానం అటు పోవడం లేదు.

కోత యూనిట్ దుమ్ము ఫైబర్ మొనకు పట్టిందేమోనని ఎవరైనా అనొచ్చు. మీరు విప్పకండి, లైన్ వాళ్లతోనే తుడిపించండి. ఫైబర్ మొనలోకి కన్ను పెట్టి చూడొద్దు, ఆ వెలుతురు కంటికి కనిపించదు గానీ చూపుకి ప్రమాదం.

ఇది సరయ్యేదాకా రాత్రి కాపీని నమ్ముకోవద్దు. సగంలో తెగిన ఫైలు ఒక్కోసారి చూడ్డానికి పూర్తయినట్టే ఉంటుంది. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి ఒంగోలు వచ్చే మనిషి చేతికి హార్డ్‌డిస్క్ ఇచ్చి పంపమనండి. మరునాడు పొద్దున రెండు చోట్లా బిల్లుల లెక్క సరిపోయిందో లేదో మీరే చూసుకోండి.