స్టాటిస్టికల్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్‌కి ఎలా సిద్ధపడాలి?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ముందు ప్రవేశ పరీక్షల సంగతి చూసుకోండి. బెంగళూరులోని పరిశోధనా సంస్థ ఐసీటీఎస్‌కి జెస్ట్ (పలు సంస్థల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) గానీ టీఐఎఫ్ఆర్ జీఎస్ (టాటా పరిశోధనా సంస్థ సొంత ప్రవేశ పరీక్ష) గానీ, చెన్నైలోని గణిత శాస్త్రాల సంస్థ ఐఎంఎస్‌సీకి జెస్ట్ రాయాలి. హైదరాబాద్ గోపన్‌పల్లిలోని టీఐఎఫ్ఆర్ కేంద్రానికి జీఎస్ రాయండి. జీఎస్ సాధారణంగా డిసెంబరులో ఉంటుంది కాబట్టి దరఖాస్తు గడువు చాలా ముందే దాటిపోతుంది. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) అదనం.

మార్కులకంటే నేను ఎక్కువ విలువిచ్చేది సొంతంగా చేసిన ఒక చిన్న లెక్కకి. రెండు డైమెన్షన్ల ఐసింగ్ మోడల్‌ని (అయస్కాంతాన్ని పైకో కిందికో చూపే చిన్న స్పిన్‌లుగా చూసే నమూనా) 16, 32, 64 సైజు లాటిస్‌ల (గళ్ల) మీద మాంటే కార్లోతో, అంటే యాదృచ్ఛిక సంఖ్యలతో చేసే కంప్యూటర్ లెక్కతో, నడపండి. పక్కపక్క స్పిన్‌ల మధ్య బలం జె, బోల్ట్జ్‌మన్ స్థిరాంకం రెండూ 1 అనుకుంటే, బైండర్ క్యుములెంట్ (అయస్కాంతీకరణ హెచ్చుతగ్గులను కొలిచే నిష్పత్తి) గీతలు మూడూ ఉష్ణోగ్రత 2.269 దగ్గర కలుసుకోవాలి. గజిబిజిగా వస్తే కోడే తప్పని కంగారుపడకండి. క్రిటికల్ పాయింట్ (అయస్కాంతత్వం మాయమయ్యే ఆ ఉష్ణోగ్రత) దగ్గర ఒక కాన్ఫిగరేషన్ (స్పిన్‌ల అమరిక) ప్రభావం తర్వాతి వాటి మీద చాలాసేపు ఉంటుంది. వెయ్యి కొలతలు తీసినా విడిగా పనికొచ్చేవి కొన్నే. స్పిన్‌లను ఒక్కొక్కటిగా కాక గుంపుగా తిప్పే వుల్ఫ్ క్లస్టర్ పద్ధతికి మారితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఇంటర్వ్యూలో ఇదంతా బోర్డు మీద చెప్పగలిగితే చాలా బలం.

పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) థీసిస్ ఇచ్చేందుకు ఏడాది ముందే కదలాలి. జర్మనీలో డ్రెస్డెన్‌లోని మాక్స్ ప్లాంక్ కాంప్లెక్స్ సిస్టమ్స్ సంస్థకి అతిథి పరిశోధకుల కార్యక్రమం ఉంది. ఒకే ఉత్తరాన్ని నలభైమందికి పంపితే జవాబు రాదు. మీరు రాసే ప్రొఫెసర్ ఇటీవలి పేపర్‌లో ఏ ప్రశ్న మిగిలిపోయిందో, దాన్ని మీరు ఏ పద్ధతితో పట్టుకోగలరో నాలుగు వాక్యాల్లో రాయండి. సిఫారసు లేఖలకి గైడ్లను నెల ముందే అడగండి.